వెలుగుతో స్ఫటికాన్ని చదివిన సూరి భగవంతం



మొన్న తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంట్లో దొరికిన పాత రీరైటబుల్ సీడీ తెచ్చి, దీని మీద రాసింది చెరిపి మళ్లీ ఎలా రాస్తారు టీచర్ అని అడిగాడు. అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం నాకే సిగ్గనిపించింది. ఈ నెల 28న నేషనల్ సైన్స్ డే. వాడికి నేను బాకీపడ్డ జవాబు ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితంతో కలిపి చెబుతాను.

సూరి భగవంతం గారు 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ చదివారు. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ తన ఆవిష్కరణ చేశారు. అదే ఏడాది, పంతొమ్మిదేళ్లు నిండీ నిండని వయసులో, భగవంతం కలకత్తా వెళ్లి రామన్ దగ్గర పరిశోధనలో చేరారు. కాంతి కణానికి స్పిన్ ఉంటుందనడానికి సాక్ష్యాన్ని ఆ గురుశిష్యులిద్దరూ 1931లో ప్రచురించారు.

కలకత్తాలోనే ఉండిపోకుండా ఆయన 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆ యూనివర్సిటీ పెట్టి అప్పటికి ఆరేళ్లే. అక్కడ గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి పనిచేశారు. గ్రూప్ థియరీ అనే గణితాన్ని తీసుకుని, ఒక స్ఫటికంలో అణువుల అమరికను బట్టి దాని మీద పడి చెదిరిన కాంతిలో ఏ గీతలు రావాలో లెక్కకట్టే పద్ధతిని 1939లో ప్రచురించారు. 1948లో ఇద్దరూ కలిసి ఆ విషయం మీద పుస్తకం రాశారు.

మార్కెట్ యార్డులో పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తారు కదా. భగవంతం పద్ధతిలో అయితే విరవనక్కర్లేదు. తిరిగి వచ్చిన వెలుగే లోపలి అమరికను చెబుతుంది.

ఇక సీడీ సంగతి. ఆ డిస్క్‌లో టెల్లూరియం కలిసిన మిశ్రమం పలుచని పొరగా ఉంటుంది. మొదట అందులోని అణువులు స్ఫటికంలా వరుసగా ఉంటాయి. రాసేటప్పుడు లేజర్ ఒక చిన్న చుక్కను కరిగేదాకా వేడి చేసి ఆగిపోతుంది. చుక్క క్షణంలోనే చల్లారిపోతుంది కాబట్టి అణువులకు వరుస కట్టే సమయం దొరకదు. అక్కడ మార్కు పడుతుంది, అది కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది. చదివే లేజర్ ఈ తేడానే పట్టుకుంటుంది. చెరపాలంటే కరిగేంత కాకుండా, కాస్త తక్కువ వేడి ఇస్తే చాలు. అణువులు మళ్లీ వరుసలోకి వస్తాయి. చక్కెర పాకం కూడా అంతే. నిదానంగా వదిలేస్తే పటిక బెల్లం కడుతుంది, గబుక్కున చల్లార్చితే గాజులా బిగుసుకుంటుంది.

ఇలాంటి డిస్కులు మార్కెట్లోకి వచ్చింది 1997లో. భగవంతం గారు 1989లోనే కన్నుమూశారు. ఆయన సీడీ కనిపెట్టలేదు. కానీ అలాంటి పొరలో ఒకచోట స్ఫటికం ఉందా, వరుస చెదిరిందా అని పరీక్షించడానికి శాస్త్రవేత్తలు నేటికీ రామన్ పద్ధతిని వాడుతున్నారు. స్ఫటికమైతే గీతలు సన్నగా స్పష్టంగా వస్తాయి, వరుస చెదిరితే వెడల్పుగా పరుచుకుంటాయి. ఏ గీత ఏ అమరికదో చెప్పే లెక్క వాల్తేరులో ఆయన చేసిన తరహాదే.

తర్వాతి జీవితం పెద్ద బాధ్యతలతో గడిచింది. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా, ఆ తర్వాత 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. చైనా, పాకిస్తాన్‌లతో యుద్ధాలు జరిగింది ఆ కాలంలోనే. ఇన్ని పదవుల మధ్యా ఆయన పేరును నిలబెట్టింది మాత్రం వెంటనే ఏ ఉపయోగమూ కనబడని ఆ లెక్కే.

పేరెంట్ మీటింగ్‌లో మీరు మార్కుల గురించి తప్పకుండా అడగండి. దాంతోపాటు, మీ బాబు, మీ పాప ఈ నెల ఏం ప్రశ్న అడిగారో కూడా మమ్మల్ని అడగండి. సీడీ తెచ్చిన అబ్బాయికి సోమవారం మొదటి పీరియడ్ ఇచ్చాను. పటిక బెల్లం కూడా తెస్తానన్నాడు.