భూగర్భ రైలుకు బాటవేసిన చార్లెస్ పియర్సన్

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో లండన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. 1801లో ఇంచుమించు పదిలక్షలున్న దాని జనాభా 1851 నాటికి ఇరవైమూడు లక్షలు దాటింది. మనుషులు పెరిగారు గాని వీధులు పెరగలేదు. గుర్రపు బండ్లు, సరకుల బండ్లు, సంతకు తోలుకొనిపోయే పశువుల మందలు, వీటి మధ్య దారి వెదుక్కొనే పాదచారులు! లండన్ నడిబొడ్డున ‘సిటీ’ అని పిలిచే పురాతన పట్టణభాగం ఉంది. ఒక చదరపు మైలుకు మించని ఆ చిన్న ప్రాంతంలోనే బ్యాంకులు, వర్తకశాలలు, కచేరీలు కిక్కిరిసి ఉండేవి. ఉదయమయ్యేసరికి లండన్ అంతా అక్కడికే ప్రయాణం కట్టేది.

రైళ్లు అప్పటికే వచ్చాయి. 1836 నుండి ఒకటి తరువాత ఒకటిగా లండన్‌కు రైలుమార్గాలు ఏర్పడ్డాయి. కాని ఒక్క ఫెన్‌చర్చ్ వీధి స్టేషను తప్ప మిగిలినవన్నీ ‘సిటీ’ వెలుపలే ఆగిపోయాయి. దూరదేశం నుండి వేగంగా వచ్చిన ప్రయాణికుడు స్టేషనులో దిగి, అక్కడినుండి గుర్రపు బండిలో నత్తనడక నడవవలసి వచ్చేది. ఈ చిక్కుముడిని విప్పడానికి జీవితంలో పదిహేడు సంవత్సరాలు వెచ్చించినవాడు ఇంజనీరు కాడు, ధనికుడైన వర్తకుడూ కాడు. ఆయన ఒక న్యాయవాది. పేరు చార్లెస్ పియర్సన్.

పియర్సన్ 1793 అక్టోబరు 4న లండన్‌లో జన్మించాడు. తండ్రి పరుపుల వ్యాపారి. కుమారుడు కూడా ఆ వృత్తిలోనే స్థిరపడాలని తండ్రి కోరుకున్నా, అతని మనస్సు న్యాయశాస్త్రం వైపు మొగ్గింది. 1816లో న్యాయవాదిగా అర్హత పొందాడు. మరుసటి సంవత్సరమే వివాహం జరిగింది. భార్య మేరీ మార్తా చిత్రకారిణిగా పేరుపొందిన విదుషి. అదే ఏడాది ఆయన నగరపాలక సభకు సభ్యుడుగా ఎన్నికయ్యాడు.

బలవంతుల పక్షాన నిలిచి సుఖపడే న్యాయవాదులకు ఆ కాలంలో కొదవలేదు. పియర్సన్ మార్గం వేరు. లండన్‌లో 1666 నాటి మహా అగ్నిప్రమాదానికి స్మారకంగా నిలిపిన స్తంభంపై, ఆ నిప్పు పెట్టినవారు కాథలిక్కులే అని నిందించే వాక్యాలు చెక్కి ఉండేవి. అది నిరాధారమైన నింద. దానిని చెరిపివేయాలని ఆయన సభలో పట్టుబట్టాడు. 1830లో ఆ వాక్యాలను తొలగించారు. యూదులకు వర్తకంలో ఉన్న ఆంక్షలను తొలగించాలని వాదించాడు. 1839లో లండన్ నగరపాలక సంస్థకు న్యాయాధికారిగా నియుక్తుడై, మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. నడుమ 1847లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు గాని మూడేళ్లకే ఆ పదవిని వదలుకొన్నాడు. ఆయన పేరు నిలిపిన కృషి పార్లమెంటులో జరిగింది కాదు.

1845లో పియర్సన్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ‘సిటీ’కి పడమట ఫ్లీట్ అనే చిన్న నది ఒకప్పుడు పారేది. క్రమంగా దానిని కప్పివేశారు. అది మురుగుకాలువగా మారింది. ఆ లోయ వెంబడి ఫారింగ్‌డన్ వరకు రైలుమార్గం నిర్మించాలన్నది ఆయన ప్రతిపాదన. ఆవిరియంత్రాల పొగ జనాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుందని ఎరిగినవాడు కనుక, గాలి ఒత్తిడితో బండ్లను నడపాలని సూచించాడు. చాలామంది నవ్వారు. నేల కింద మనుషులు ప్రయాణం చేయడమా అని వింతగా చూశారు. మరుసటి సంవత్సరం ఆయన నగరం మధ్యలో రైళ్లన్నీ కలిసే ఒక పెద్ద స్టేషను కట్టాలని మరొక ప్రణాళిక రచించాడు. నగరపాలక సంస్థ దానిని సమర్థించింది. కాని నగరం నడుమకు రైళ్లు రాకూడదని అభిప్రాయపడిన ప్రభుత్వ సంఘం 1846లో దానిని తిరస్కరించింది.

ఇతరులు రద్దీని చూసినప్పుడు వారికి కనిపించినవి బండ్లు. పియర్సన్‌కు కనిపించినది వాటి పక్కన నడిచివెళ్లే మనిషి. రోజుకూలీకి, చిన్న గుమాస్తాకు గుర్రపు బండి ఎక్కే స్తోమత లేదు. అందువల్ల పని ఉన్నచోటికి నడిచి చేరగల దూరంలోనే అతడు కాపురముండాలి. అందువల్లనే ‘సిటీ’ చుట్టుపక్కల సందుల్లో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం, గాలి వెలుతురు లేక, రోగాలతో మగ్గేది. చవకగా, వేగంగా వెళ్లే బండి ఉంటే ఆ కుటుంబం ఊరి వెలుపల పచ్చని నేలపై ఇల్లు కట్టుకోగలదు. ఆ ఇళ్లనూ, ఆ రైలునూ కలిపే పియర్సన్ ఆలోచించాడు. వీధి ఇరుకు, ఇంటి ఇరుకు ఒకే వ్యాధికి రెండు లక్షణాలని గ్రహించిన దూరదృష్టి ఆయనది.

ఆయనలోని న్యాయవాది సాక్ష్యం లేనిదే వాదించేవాడు కాడు. నగరానికి వచ్చే దారుల వద్ద మనుషులను నిలబెట్టి, రోజూ ఎంతమంది ఏ విధంగా వస్తున్నారో లెక్కపెట్టించాడు. 1854లో పార్లమెంటు సంఘం ముందు ఆ లెక్కలు ఉంచాడు. రోజూ ‘సిటీ’లోకి కాలినడకన వచ్చేవారే సుమారు 2,00,000 మంది అని తేలింది. నేడు ఏ నగరంలో రైలు వేయాలన్నా ముందుగా చేసే పని ఈ లెక్కింపే. పియర్సన్ దానిని చేయించిన తొలివారిలో ఒకడు.

అదే సంవత్సరం పాడింగ్టన్ నుండి ఫారింగ్‌డన్ వరకు భూగర్భమార్గం నిర్మించడానికి పార్లమెంటు అనుమతి లభించింది. కంపెనీ ఏర్పడింది గాని డబ్బు లేదు. పదిలక్షల పౌండ్లు కావాలి. క్రిమియా యుద్ధం రోజులవి, సొమ్ము పుట్టడం గగనమైంది. ఏళ్లు గడిచాయి. కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. పియర్సన్ అందులో డైరెక్టరు కాడు, చెప్పుకోదగిన వాటాదారూ కాడు. అయినా ఇంటింటికీ, సభసభకూ తిరిగాడు. చివరకు రెండులక్షల పౌండ్లు పెట్టుబడి పెట్టేందుకు నగరపాలక సంస్థను 1859లో ఒప్పించగలిగాడు. దానితో పని కదిలింది.

1860లో తవ్వకం మొదలైంది. ఇంజనీరు జాన్ ఫౌలర్. వీధిని నిలువునా చీల్చి పెద్ద కందకం తవ్వడం, ఇరువైపులా ఇటుక గోడలు కట్టి పైన కమాను మూయడం, తిరిగి దానిపై వీధి పరచడం ఆనాటి పద్ధతి. ఇళ్లు ఎక్కువ కూల్చకుండా ఉండేందుకు మార్గాన్ని చాలావరకు వెడల్పైన ‘న్యూ రోడ్’ కిందుగా తీసుకువెళ్లారు. ఫ్లీట్ లోయలో మాత్రం అది సాధ్యం కాలేదు. రైలు కోసం, అంతకుముందు వీధుల విస్తరణ కోసం అక్కడ కూలిన ఇళ్లలో అధికభాగం పేదలవే. ఇంటి యజమానికి నష్టపరిహారం దక్కింది. వారం వారం అద్దె కట్టి తలదాచుకొన్నవానికి ఏమీ దక్కలేదు. సామాను నెత్తిన పెట్టుకొని అతడు పక్క సందులోకి, అంతకంటె ఇరుకైన గదిలోకి పోయాడు. ఎవరి కోసం పియర్సన్ ఈ మార్గాన్ని కోరాడో వారే దానికి తొలి మూల్యం చెల్లించారు. ఆయన జీవితగాథలో దాటవేయరాని ఘట్టమిది.

1862 మే నెలలో ప్రముఖులు తెరపి బండ్లలో కూర్చొని సొరంగాన్ని చూసివచ్చారు. వారిలో అప్పటి ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా ఉన్నాడు. జూన్‌లో ఫ్లీట్ మురుగుకాలువ గట్టు తెగి సొరంగంలోకి నీరు పోటెత్తింది. కప్పిపెట్టిన నది పగ తీర్చుకొన్నట్లయింది. మరమ్మతులకు నెలలు పట్టాయి. ఆ నెలలే పియర్సన్‌కు లేకపోయాయి. 1862 సెప్టెంబరు 14న ఆయన కన్నుమూశాడు.

1863 జనవరి 9న ఫారింగ్‌డన్ స్టేషనులో విందు జరిగింది. మరునాడు ప్రజలకు మార్గం తెరిచారు. ఆరు కిలోమీటర్ల దారి, ఏడు స్టేషన్లు. తొలిరోజే 38,000 మంది ప్రయాణించారు. ప్రపంచంలో నేల కింద నడిచిన మొదటి ప్రయాణికుల రైలు అదే. దాని పేరు మెట్రోపాలిటన్ రైల్వే. తరువాతి కాలంలో పారిస్ మీదుగా లోకమంతటా వ్యాపించి, నేడు హైదరాబాదు వాసుల నోట కూడా పలికే ‘మెట్రో’ అనే మాటకు మూలం ఆ పేరే. అయితే పియర్సన్ భయపడినంతా జరిగింది. గాలి ఒత్తిడి బండ్లకు బదులు ఆవిరియంత్రాలే వచ్చాయి, సొరంగం పొగతో నిండింది. 1905లో విద్యుత్తు వచ్చేవరకు ఆ బాధ తీరలేదు.

కంపెనీ ఆయనకు జీవితకాలంలోనే పారితోషికం ఇవ్వజూపింది. తాను నగరపాలక సంస్థ సేవకుడనని, తన కాలమంతా దానికే చెందినదని చెప్పి పియర్సన్ నిరాకరించాడు. మార్గం తెరిచిన తరువాత ఆయన భార్యకు ఏటా 250 పౌండ్లు ఇచ్చేందుకు కంపెనీ తీర్మానించింది.

1864లో మెట్రోపాలిటన్ రైల్వే తెల్లవారుజామున కార్మికుల కోసం ప్రత్యేకంగా బండ్లు నడపసాగింది. రానుపోను టిక్కెట్టు మూడు పెన్నీలు. ఇతర ప్రయాణికులు ఒకవైపు ప్రయాణానికే చెల్లించే కనీసపు ధర అది. 1883లో పార్లమెంటు చేసిన చట్టంతో, ఇలాంటి చవక బండ్లు నడపమని రైలు కంపెనీలను ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. పియర్సన్ మరణించి అప్పటికి ఇరవైయొక్క సంవత్సరాలు.