చక్కెర మనిషి, నల్లమట్టి

మా నాన్న ప్రతి వేసవిలోనూ చెరువు ఎండగానే పూడికమట్టి తోలించి చెరకు చేలో వేస్తాడు. ఆ నలుపులోనే బలమంతా ఉందంటాడు. ఆ నలుపేమిటో తేల్చుకుందామని ల్యాబులో కూర్చుంటే నాకు తారసపడిన పేరు ఫ్రాంజ్ కార్ల్ అషార్.

ఆయన 1753లో బెర్లిన్‌లో పుట్టాడు. ఫ్రాన్సునుంచి వలసవచ్చిన ప్రొటెస్టెంట్ల వంశం. బీటుదుంపలో ఉన్నది చెరకు చక్కెరేనని 1747లో చూపిన మార్‌గ్రాఫ్ ఆయన గురువు. 1782లో గురువు పోయాక బెర్లిన్ అకాడమీలో భౌతికశాస్త్ర విభాగం ఈయన చేతికొచ్చింది.

1786లో అషార్ పీట్ మట్టి మీద పడ్డాడు. పీట్ అంటే నీరు నిలిచే నేలల్లో నాచూ గడ్డీ సగం కుళ్ళి పొరలుగా పేరుకున్నదన్నమాట. దాన్ని క్షారంలో నానబెడితే కాఫీ డికాక్షన్ లాంటి నీరు దిగింది. అందులో ఆమ్లం పోస్తే నల్లటి ముద్ద అడుక్కి చేరింది. పైపొరల్లో కంటే బాగా కుళ్ళిన అడుగుపొరల్లో అది ఎక్కువ దొరికింది. తర్వాతివాళ్ళు హ్యూమిక్ ఆమ్లం అన్నది దాన్నే.

రెండు వందల ఏళ్ళు దాటినా మేము చేసేది అదే పని! చెరువుమట్టిని సోడియం హైడ్రాక్సైడులో రాత్రంతా ఉంచి, తేరిన నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి పి.హెచ్. 1కి దింపాను. నల్లటి తునకలు దిగాయి. పైన మిగిలిన పసుపునీటిలోది ఫల్విక్ ఆమ్లం. ముద్దను ఎండబెట్టి తూచి, బరువు చూసి పొంగిపోయాను. తీరా కాల్చి చూస్తే బోలెడు బూడిద! మట్టిరేణువులనూ కలిపి తూచానన్నమాట. బూడిద తీసేస్తేగాని అది లెక్క కాదు. అసలు ఆ క్షారమే మట్టిలో లేని పదార్థాన్ని కొంత పుట్టిస్తోందని ఈనాటి శాస్త్రజ్ఞులు కొందరి వాదన. ఆ తగవు ఇంకా తెగలేదు.

లోకం అషార్‌ను గుర్తుపెట్టుకున్నది మట్టికి కాదు, చక్కెరకు. ప్రష్యా రాజు ఇచ్చిన అప్పుతో సైలీషియాలోని కూనెర్న్‌లో 1801లో ఫ్యాక్టరీ కట్టాడు. బీటునుంచి చక్కెర తీసిన మొదటి ఫ్యాక్టరీ అదే. చెరకు రైతు కొడుకునయ్యుండి ఈ మాట రాస్తున్నందుకు మా ఊళ్ళో ఏమంటారో! 1807లో యుద్ధంలో అది కాలిపోయింది. నెపోలియన్ దిగ్బంధంతో యూరపులో చెరకు చక్కెర కరువై బీటు ఫ్యాక్టరీలు లేచాయిగాని, ఆ లాభం ఈయనకు దక్కలేదు. 1821 ఏప్రిల్ 20న కూనెర్న్‌లోనే పేదరికంలో కన్నుమూశాడు.

ఈ వేసవిలో మా చెరువు పైపొర, అడుగుపొర విడివిడిగా తెచ్చి తూయాలనుకుంటున్నాను. లోతుగా తవ్వించడానికి మా నాన్న ఒప్పుకున్నాడు. నేను తీసుకోగా మిగిలిన మట్టి మాత్రం చేలోకే పోవాలన్నాడు.