బెంచీ మీద కూర్చున్న నాన్న

వాల్ట్ డిస్నీ పేరు వినగానే మనలో చాలామందికి మిక్కీ మౌస్ గుర్తొస్తుంది. కాస్త సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి స్నో వైట్ కూడా గుర్తొస్తుంది. ఈ వ్యాసంలో వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. మూడు నాలుగేళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని పార్కులో ఒక రోజు హాయిగా గడపడం ఎలా? చూడ్డానికి చాలా మామూలు ప్రశ్న. ఆయన మాత్రం జీవితంలో చివరి పదిహేనేళ్ళు దీని చుట్టూనే తిరిగాడు, చేతిలో ఉన్నదంతా దీని మీద పెట్టాడు. ఇంజినీరింగ్ చదివే మనకి ఈ కథ ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుందని రాస్తున్నాను.

వాల్ట్ 1901 డిసెంబర్ 5న షికాగోలో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలిన్ అనే చిన్న ఊరికి మారింది. పొలం, పశువులు, ఊరి మీదుగా పోయే రైళ్ళు. ఆయన జీవితాంతం తలుచుకున్న బాల్యం ఆ కొద్ది ఏళ్ళే. తర్వాత పొలం అమ్మేసి 1911లో కాన్సాస్ సిటీకి వచ్చేశారు. తండ్రి ఎలియాస్ అక్కడ పేపర్లు వేసే రూటు ఒకటి కొన్నాడు. తెల్లారకముందే లేచి, మంచులో నడిచి, ఇంటింటికీ పేపర్లు వేసి, ఆ తర్వాత బడికి వెళ్ళాలి. వాల్ట్ ఆరేళ్ళు ఈ పని చేశాడు. అదే ఊళ్ళో ఎలక్ట్రిక్ పార్క్ అని ఒక వినోదాల పార్కు ఉండేది. రాత్రయితే వేల దీపాలతో వెలిగిపోయేది. ఆడుకునే వయసులో పనిలో పడ్డ పిల్లాడికి ఆ వెలుగులు ఎలా కనిపించి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లో రెడ్ క్రాస్ అంబులెన్స్ నడిపాడు. తిరిగొచ్చి కాన్సాస్ సిటీలో పెట్టిన కార్టూన్ కంపెనీ 1923లో దివాలా తీసింది. అదే ఏడు హాలీవుడ్ వెళ్ళి, అన్న రాయ్‌తో కలిసి స్టూడియో పెట్టాడు. 1925లో లిలియన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1928లో మిక్కీ, 1937లో స్నో వైట్ వచ్చాయి. ప్రపంచమంతా పేరు తెలిసిపోయింది.

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది డయాన్ 1933లో పుట్టింది. 1936 చివర్లో పుట్టిన షారన్‌ని పసిగుడ్డుగా ఉన్నప్పుడే దత్తత తీసుకున్నారు. స్టూడియోలో ఊపిరాడని పని ఉన్నా, శనివారాలు మాత్రం కూతుళ్ళవి. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్క్‌కి తీసుకెళ్ళి రంగులరాట్నం ఎక్కించేవాడు. పిల్లలు గుర్రాల మీద గిర్రున తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని పల్లీలు తినేవాడు. ఒక రౌండు అయ్యాక ఇంకో రౌండు. నాన్న చేయగలిగింది టికెట్లు కొనడం, చెయ్యి ఊపడం, అంతే. మన తిరునాళ్ళలోనూ రంగులరాట్నం పక్కన చెప్పులు, వాటర్ బాటిల్ పట్టుకుని నిలబడే నాన్నల్ని చూస్తూనే ఉంటాం. తేడా ఏమిటంటే, డిస్నీ ఆ విసుగుని డిజైన్ లోపంగా చూశాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒక్కటీ ఎందుకు లేదన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

అప్పటి అమెరికన్ పార్కులు చాలావరకు మురికిగా ఉండేవి. అక్కడి పనివాళ్ళ మాట కరుకు. పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని తిరగాల్సిన చోట్లు అవి. ఆయన వాటిని చూస్తూ, లోపాలు గమనిస్తూ తిరిగాడు. 1951లో డెన్మార్క్ వెళ్ళినప్పుడు కోపెన్‌హాగెన్‌లోని టివోలీ గార్డెన్స్ చూశాడు. శుభ్రంగా, పూలమొక్కలతో, కుటుంబాలు నింపాదిగా కూర్చునేలా ఉన్న పార్కు అది. అంటే తను అనుకున్నది కుదిరే పనే. అప్పటికే తన ఇంటి పెరట్లో మనిషి కూర్చుని నడిపేంత చిన్న రైలు కట్టుకుని, ఇంటికొచ్చిన పిల్లల్ని ఎక్కించి తిప్పేవాడు.

కానీ డబ్బు ఎవరిస్తారు? స్టూడియోకి పార్కులెందుకని అన్న రాయ్‌కే నమ్మకం కుదరలేదు. వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు తీసుకుని, 1952లో వేరే కంపెనీ పెట్టి పని మొదలుపెట్టాడు. 1953 సెప్టెంబర్‌లో చిత్రకారుడు హెర్బ్ రైమన్‌ని కూర్చోబెట్టి, ఒక్క వారాంతంలో పార్కు మొత్తం బొమ్మ గీయించాడు. అప్పటికి కాస్త మెత్తబడిన రాయ్ ఆ బొమ్మ పట్టుకుని న్యూయార్క్ వెళ్ళాడు. టీవీ వాళ్ళలో ఏబీసీ ఒప్పుకుంది. 5 లక్షల డాలర్ల పెట్టుబడి, 45 లక్షల డాలర్ల అప్పుకి పూచీ. బదులుగా డిస్నీ వాళ్ళకి వారం వారం ఒక కార్యక్రమం చేసివ్వాలి.

అదే ఏడాది పార్కుల వ్యాపారంలో తలపండిన వాళ్ళకి ఈ ప్లాను చూపించారు. వాళ్ళు పెదవి విరిచారు. ఒక్కటే గేటు పెడితే జనం ఇరుక్కుపోతారు, కోట వల్ల పైసా రాదు, ఖాళీ స్థలం మరీ ఎక్కువ అన్నది వాళ్ళ లెక్క. వ్యాపారం వైపు నుంచి అది సబబైన లెక్కే. చంకలో పిల్లాడున్న తల్లి వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క తారుమారవుతుంది.

ఒకే గేటు ఉంటే ఎటు తిరిగినా చివరికి వచ్చిన దారికే వస్తాం. మధ్యలో ఒక చక్రంలాంటి కూడలి, అక్కడి నుంచి ఒక్కో లోకానికి ఒక్కో దారి. పిల్లాడు నడవనని మొండికేస్తే వెనక్కి తిరిగి ఇంకో దారి పట్టడం సులువు. కోట ఎత్తు 77 అడుగులే, కానీ దూరం నుంచే కంటబడుతుంది కాబట్టి పసివాళ్ళు దాన్ని చూస్తూ ముందుకు నడుస్తారు. పార్కు చుట్టూ మట్టికట్ట పోసి, దాని మీద రైలు నడిపారు. బయటి రోడ్లు, కరెంటు స్తంభాలు లోపలివాళ్ళకి కనిపించవు. కాళ్ళు నొప్పి పుట్టినవాళ్ళు రైలెక్కి కూర్చుంటే పార్కు చుట్టూ తిరిగిరావచ్చు. రంగులరాట్నం మీద గుర్రాలన్నీ దూకే గుర్రాలే ఉండాలని పట్టుబట్టాడు. నిలబడి ఉండే గుర్రం వచ్చిందని ఏ పిల్లా ఏడవకూడదు కదా! డిజైనర్లని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, పిల్లల కంటి ఎత్తు నుంచి చూడమనేవాడని కూడా చెబుతారు.

అనహైమ్ దగ్గర 160 ఎకరాల నారింజ తోటల్లో 1954 జూలైలో పని మొదలైంది. ఏడాదిలో, దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్ల ఖర్చుతో పూర్తయింది. పూర్తయింది అనడం కూడా మర్యాద కోసమే. ప్లంబర్ల సమ్మె వల్ల టైమ్ చాలలేదు. తాగునీటి కుళాయిలా, టాయిలెట్లా? రెండింట్లో ఒకటే అయ్యే పరిస్థితి వచ్చింది. డిస్నీ టాయిలెట్లే ఎంచుకున్నాడు. దాహానికి కూల్‌డ్రింక్ కొనుక్కోవచ్చు, నాలుగేళ్ళ పిల్లాడి అవసరం ఆగదు. 1955 జూలై 17, ఆదివారం ప్రారంభం. ఎండ మండిపోతోంది. దొంగ టికెట్లతో కలిపి 28,000 మంది దాకా వచ్చిపడ్డారు. కొత్తగా వేసిన తారులో ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడ్డాయి. గ్యాస్ లీకయి పిల్లల కోసమే కట్టిన ఫాంటసీలాండ్ కాసేపు మూసేయాల్సి వచ్చింది. కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే కుళాయిలు ఆపేశారని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

ఆయన పార్కు వదిలి వెళ్ళలేదు. లోపల ఫైర్ స్టేషన్ పైన తనకోసం చిన్న గది ఉండేది. చాలా రాత్రులు అక్కడే. పగలు జనంతో పాటు క్యూలో నిలబడి ఎక్కడ విసుగొస్తుందో చూసి, ఒక్కొక్కటీ సరిచేయించాడు. ఏడెనిమిది వారాల్లోనే 10 లక్షల మంది వచ్చారు.

అన్నీ కుదిరాయని కాదు. స్నో వైట్ రైడ్‌లో బండిలో కూర్చున్నవాళ్ళే స్నో వైట్ అన్నది ఆలోచన. పసివాళ్ళకి కనిపించింది మాత్రం చీకటి, మంత్రగత్తె. చివరికి 1983లో ఆ రైడ్ పేరులోనే భయం అన్న మాట చేర్చారు. ఇప్పుడు అక్కడ మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. పెద్ద రైడ్లు కొన్నిటికి కనీసం 40 అంగుళాల ఎత్తుండాలి. అమ్మ రైడ్ ఎక్కి వచ్చేదాకా నాన్న పిల్లాడిని చూసుకుని, తర్వాత మళ్ళీ క్యూ కట్టకుండా తను ఎక్కే పద్ధతీ ఉంది. ఆ బెంచీ మీద కూర్చున్న నాన్నకి ఇన్నేళ్ళకి దొరికిన జవాబు అనుకోవచ్చు.

మనసుని పట్టేసే విషయం ఇంకొకటుంది. పార్కు తెరిచేనాటికి డయాన్‌కి 21 ఏళ్ళు, పెళ్ళయి ఒక బిడ్డ తల్లి. షారన్‌కి 18. ఎవరి శనివారాల్లో ఈ ఆలోచన పుట్టిందో ఆ పిల్లలు రంగులరాట్నం వయసు దాటిపోయారు. ఏడు నెలల మనవడికి మాత్రం పార్కు సరిగ్గా సమయానికి అందింది. వాల్ట్ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఫ్లోరిడాలో తలపెట్టిన రెండో పార్కుని రాయ్ పూర్తి చేసి, తమ్ముడి పేరు పెట్టి, 1971 అక్టోబర్ 1న తెరిచాడు. ఆ డిసెంబర్‌లోనే తనూ వెళ్ళిపోయాడు.

అక్క పిల్లనో, అన్న కొడుకునో ఈ సెలవుల్లో నుమాయిష్‌కో, ఏదైనా పార్కుకో తీసుకెళ్ళే పని మనలో కొందరికి పడుతుంది. ఎన్ని రైడ్లు ఎక్కించాలా అని లిస్టు రాసేముందు నీడ ఎక్కడుంది, టాయిలెట్ ఎక్కడుంది, పిల్లకి నిద్రొచ్చే టైమెప్పుడు అన్నవి చూసుకోండి. గేటు దాటగానే ఒక్కసారి వంగి, ఆ పిల్ల కంటి ఎత్తు నుంచి చూడండి. అక్కణ్ణించి మనుషుల మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించకపోతే, వెంటనే ఎత్తుకోండి.