సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్

శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ 1827వ సంవత్సరము జనవరి 7వ తేదీన స్కాట్లండు దేశమందలి కిర్కాల్డీ పట్టణమున జన్మించెను. చిన్ననాటనే భూమిని కొలుచు విద్య నేర్చి, పదునెనిమిదవ యేట సముద్రము దాటి కెనడా చేరెను. 1851లో వెలువడిన కెనడా మొదటి తపాలా బిళ్లపై బీవరు జంతువు బొమ్మను రూపొందించినవా డతడే. పిమ్మట రైలుమార్గముల నిర్మాణమున ప్రధాన ఇంజనీరై పేరుగాంచెను.

ఆ కాలమున సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే ఆ యూరికి పండ్రెండు గంటలు. గుఱ్ఱపుబండిపై పోవువానికి దీనివలన చిక్కు లేదు. రైళ్లు వచ్చిన తరువాత ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఊరి గడియారము ననుసరింపగా ప్రయాణికులు దిక్కుతోచక తిరుగుచుండిరి.

1876లో ఫ్లెమింగు ఐర్లండులో ప్రయాణము చేయుచుండెను. కాలపట్టికలో ఉదయమునకు బదులు సాయంకాలమని అచ్చుపడుటచే అతనికి రైలు తప్పిపోయెను. అతడు అచ్చువేసినవారిని నిందించి ఊరకుండలేదు. దినమును రెండు పండ్రెండులుగా గాక ఇరువదినాలుగు గంటలుగా లెక్కింపరాదా యని యోచించెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక లోకమును 24 భాగములుగా విభజించి, వాని కన్నిటికిని ఆధారముగా ఒకే ప్రపంచకాలము నుంచవలెనని వ్యాసములు వ్రాసి దేశదేశములకు పంపెను.

1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలు మండల కాలములను స్వీకరించెను. ఈ కీర్తి యంతయు ఫ్లెమింగుదే యనుట న్యాయము కాదు. డౌడ్ అను ఉపాధ్యాయుడును, ఆలెన్ అను రైల్వే ఉద్యోగియు ఇందుకు మిక్కిలి పాటుపడిరి. మరుసటి యేట వాషింగ్టనులో 25 దేశముల ప్రతినిధులు సమావేశమై గ్రీనిచ్ రేఖను మూలరేఖగా నంగీకరించిరి. ఫ్లెమింగు అచటికి కెనడా పక్షమున వెళ్లెను. కాని మండలముల విషయమును సభవారు ఆయా దేశములకే విడిచిపెట్టిరి. 1906లో మన దేశము, కాకినాడ సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖను గైకొని, గ్రీనిచ్ కంటె అయిదున్నర గంటలు ముందుండ నిశ్చయించుకొనెను. ఫ్లెమింగు గీసిన గంటల గీతలలో ఆ అరగంట ఇమడదు!

అతడు 1915 జూలై 22న హాలిఫాక్సులో మరణించెను. మరుసటి వేసవిలోనే జర్మనీ, బ్రిటను మొదలగు దేశములు పగటి వెలుగు నుపయోగించుకొనుటకై గడియారములను ఒక గంట ముందునకు జరిపెను. నేటికిని అమెరికాలో పెక్కు రాష్ట్రములందు నవంబరు మొదటి ఆదివారమున తెల్లవారుజాము రెండు గంటలకు గడియారమును మరల ఒంటిగంటకు త్రిప్పుదురు. ఆ రాత్రి ఒకటిన్నర రెండు మారులు వచ్చును. ఒకటిన్నరకు సొమ్ము జమయైనదని బ్యాంకు లెక్కలో వ్రాసిన, అది ఏ ఒకటిన్నరయో తెలియదు. కావున కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువారు కాలమును ప్రపంచమంతటికి ఒక్కటైన లెక్కలో దాచి, మనుష్యులకు చూపునప్పుడు మాత్రమే ఆయా దేశకాలమునకు మార్చుదురు.