ఉపాధ్యాయుని వాక్కు: డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

హైదరాబాదు నగరంలో జన్మించి భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు విననివారు మన కళాశాలలో ఉండరు. పోటీ పరీక్షలకు కావలసిన తేదీలు కూడ చాలమంది చెప్పగలరు. కాని ఆ మహనీయుని జీవితంలో అధికభాగం పిల్లలకు పాఠాలు చెప్పడంలోను, చెప్పగలవారిని తీర్చిదిద్దడంలోను గడిచిందన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. ఉపాధ్యాయునికైనా, నాయకునికైనా ప్రధాన సాధనం మాట. ఆ సాధనాన్ని ఆయన ఎట్లా సంపాదించారు, ఎట్లా వినియోగించారు, అది ఎక్కడ విఫలమైంది అన్న విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. వారి పూర్వులు ఉత్తర ప్రదేశ్‌లోని కాయంగంజ్‌లో స్థిరపడిన పఠానులు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ హైదరాబాదుకు వచ్చి న్యాయవాదిగా పేరు గడించారు. జాకిర్ పదేండ్ల ప్రాయంలో ఉండగానే తండ్రి మరణించడంతో కుటుంబం స్వస్థలానికి తరలిపోయింది. ఇటావా ఇస్లామియా పాఠశాలలో చదువుకొంటున్న రోజులలో, 1911లో, ప్లేగు వ్యాధి తల్లిని కూడ బలిగొన్నది. తల్లిదండ్రుల నీడ కోల్పోయిన ఆ బాలునికి ఉపాధ్యాయులే దిక్కయ్యారు. పిల్లవాని మనస్సుకు ఉపాధ్యాయుని ఒక్క మంచిమాట ఎంత ఆధారమో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

అలీగఢ్ కళాశాలలో ఆయన మంచి వక్తగా, చురుకైన విద్యార్థిగా పేరు తెచ్చుకొన్నారు. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అక్కడికి వచ్చి ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచిపెట్టవలసిందిగా పిలుపునిచ్చారు. అప్పటికి ఇరువది మూడేండ్ల వయస్సు గల జాకిర్ హుస్సేన్ ఆ పిలుపునందుకొని బయటికి నడిచారు. అదే నెల 29న జామియా మిల్లియా ఇస్లామియా వెలసింది. సభలలో చప్పట్లు కొట్టినవారు అనేకులు. ఆ మాటకు తమ భవిష్యత్తును ఒడ్డినవారు కొందరే.

పిమ్మట ఆయన జర్మనీకి వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పట్టం పొందారు. అక్కడ ఉండగానే గాలిబ్ దీవానును ముద్రింపజేసి, అందుకోసం స్వయంగా అచ్చు అక్షరాలు కూర్చారు. ఇంతలో ఖిలాఫత్ ఉద్యమం చల్లారి, నిధులు లేక జామియా మూతపడే స్థితికి వచ్చింది. తాము తిరిగి వచ్చి జీవితాలను ఆ సంస్థకే అంకితం చేస్తామని, అంతవరకు దానిని మూయవద్దని ఆయన మిత్రులతో కలిసి కబురు పంపారు. 1926లో ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్‌లతో కలిసి వచ్చి మాట నిలబెట్టుకొన్నారు. ఇరువది తొమ్మిదేండ్లకే ఉపాధ్యక్ష బాధ్యత స్వీకరించారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరువది సంవత్సరాలు సేవచేస్తామని ఆయన, సహాధ్యాపకులు ప్రతిజ్ఞ చేశారు. చేతికి వచ్చే సొమ్ము పలుమార్లు అంతకంటె ఎంతో తక్కువ. ఉపాధ్యాయుని మాటకు బరువు ఎక్కడినుండి వస్తుందో దీనివలన మనకు బోధపడుతుంది.

జామియాలో ఆయన పెద్దల సభలకంటె చిన్నపిల్లల తరగతులకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చారు. 1935లో ఓఖ్లాలో నూతన భవనానికి శంకుస్థాపన జరిగినపుడు ఆ రాయిని నవాబులచేతగాని, నాయకులచేతగాని వేయించలేదు. విద్యార్థులందరిలోకి చిన్నవాడైన ఒక బాలునిచేత వేయించారు. విద్యాలయం ఎవరికోసమో వివరించడానికి అంతకు మించిన ఉపన్యాసం ఉంటుందా?

మరొక సంఘటనను ఆయన సహచరులు చెప్పేవారు. ప్రాథమిక పాఠశాల ఉత్సవంలో పిల్లలకు మిఠాయి పంచుతుండగా ఆయన చిన్న కుమార్తె రెహానా మరణించినదన్న వార్త చెవిన వేశారు. ఆయన ముఖం పాలిపోయిందే కాని చేయి ఆగలేదు. పిల్లల సంతోషం చెడకూడదని చివరి బాలునివరకు పంచి, అప్పుడు ఇంటికి వెళ్ళారు. తరువాత పిల్లలకోసం రాసిన కథలకు ఆ బిడ్డ పేరునే కలంపేరుగా పెట్టుకొన్నారు. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది అబ్బూ ఖాన్ మేక కథ. కట్టుతాడుకంటె స్వేచ్ఛను కోరుకొని, తోడేలుతో తెల్లవార్లూ పోరాడి ప్రాణం విడిచిన మేక కథ అది. బానిసత్వమంటే ఏమిటో, స్వాతంత్ర్యమంటే ఏమిటో ఒక్క కఠిన పదం వాడకుండ పసివారికి చెప్పగలిగారు. ప్లేటో రచించిన రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించిన పండితుడే మేకపిల్ల కథ కూడ చెప్పారన్నది గమనార్హం.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సమావేశం జరిగింది. పిల్లల చేతిపనులవలన వచ్చే రాబడితోనే పాఠశాల నడవాలన్న భావంపై జాకిర్ హుస్సేన్ సందేహం వెలిబుచ్చారు. రాబడిపై దృష్టి పెరిగితే ఉపాధ్యాయుడు పిల్లలచేత వెట్టిచాకిరీ చేయించేవాడుగా మారే ప్రమాదమున్నదని గాంధీజీ సమక్షంలోనే వివరించారు. ఆ మాటలో ధిక్కారం లేదు. ముఖస్తుతి కూడ లేదు. అభ్యంతరం తెలిపిన ఆయనకే పాఠ్యప్రణాళిక సంఘాధ్యక్షతను అప్పగించడం గాంధీజీ గొప్పతనం. ఏడేండ్ల నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపనితో ముడిపడిన చదువు ఆ ప్రణాళికలోని ముఖ్యాంశాలు.

అయితే మంచిమాట ప్రతిసారి గెలుస్తుందని మేము చెప్పబోవడం లేదు. 1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాలతో అట్టుడుకుతున్న రోజులవి. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్‌లను ఒకే వేదికపై కూర్చుండబెట్టి, ఈ మంట ఎవరు పెట్టారని విచారించే సమయం కాదని, ముందు దానిని ఆర్పవలసిందని జాకిర్ హుస్సేన్ కన్నీటితో వేడుకొన్నారు. విన్నవారు చలించారు, మంట మాత్రం ఆరలేదు. మరుసటి సంవత్సరం ఆగస్టులో ప్రయాణంలో ఉండగా జలంధర్ స్టేషనులో ఆయన ప్రాణానికే ముప్పు వచ్చింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. ఢిల్లీకి తిరిగివచ్చి ఆయన ద్వేషం నూరిపోయలేదు. శరణార్థుల సేవలోను, బోధనలోను మళ్ళీ నిమగ్నులైనారు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై, అనుమానాల నీడలో ఉన్న ఆ సంస్థకు ఎనిమిదేండ్లపాటు ధైర్యం నూరిపోశారు. 1954లో ఉత్తర ప్రదేశ్‌లో ఉర్దూకు న్యాయం చేయవలసిందని ఇరువది లక్షలకు పైగా సంతకాలతో రాష్ట్రపతికి విజ్ఞాపన సమర్పించారు. కోరిన ఫలితం రాలేదు. అయినా ఆయన స్వరంలో కాఠిన్యం పొడసూపలేదు, కోరికను విడిచిపెట్టనూ లేదు.

పిమ్మట బీహారు గవర్నరుగా, 1962 నుండి ఉపరాష్ట్రపతిగా, 1967 మే 13 నుండి రాష్ట్రపతిగా సేవచేశారు. 1963లో భారతరత్న బిరుదు లభించింది. పదవీస్వీకార సమయంలో దేశమంతా తన ఇల్లేనని, ప్రజలంతా తన కుటుంబమేనని తెలిపారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన భౌతికకాయం ఖననమైనది తన చెమటతో పెంచిన జామియా ప్రాంగణంలోనే.

ఇక మన సంగతి. పాతనగరంలోని మన విద్యార్థి ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు వాడుతున్నాడు. మూడు భాషలున్నా నలుగురిలో నిలబడగానే నోరు పెగలదు. వక్తృత్వమంటే గంభీరమైన పదాలు, పెద్ద గొంతు అని భ్రమపడడమే ఇందుకు కారణమని మేము తలుస్తున్నాము. జాకిర్ సాహెబు జీవితం వేరొక దారి చూపుతున్నది. ఎదుటివాడు పసివాడైతే కథగా, మహాత్ముడైతే మర్యాదతో కూడిన సత్యంగా, ఆగ్రహించిన సమూహమైతే ఓర్పుగా మాటను మలచుకొన్నారు. అన్నింటికి మించి, పలికిన మాట చొప్పున బ్రతికారు. మన తరగతిగదులనుండి రేపు ఉపాధ్యాయులు, న్యాయవాదులు, ప్రజాసేవకులు రావలసియున్నది. వారు తమ భాషను ప్రేమిస్తూనే పొరుగువాని భాషలో అతని మనస్సుకు దగ్గర కాగలిగితే, ఈ నగరం తన బిడ్డ ఋణాన్ని కొంతైనా తీర్చుకొన్నట్లే.