ఇసుక గాలిలో నిజాం విమానాలు

బాగేపల్లి మీదుగా పోయే పెద్ద రోడ్డుకు బెంగళూరు వైపు యలహంక ఉంది. 1996 నుంచి అక్కడ జరిగే విమానాల ప్రదర్శన ఈ ప్రాంతం వాళ్లకు తెలిసిందే. అదే రోడ్డు ఉత్తరంగా పట్టుకుపోతే హైదరాబాద్. ఆ ఊరిని ఏలిన ఏడో నిజాం పేరుతో యుద్ధ విమానాలు ఉత్తర ఆఫ్రికా దాకా వెళ్లాయన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో పుట్టాడు. 1911లో గద్దెనెక్కాడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు, దాంతోపాటే పిసినారి అన్న పేరూ ఉంది. బ్రిటిష్ వాళ్ల యుద్ధాలకు మాత్రం చెయ్యి బిగపట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు ఆయన కానుక. ఆ సంగతి విమానం ముక్కు పక్కనే రాయించారు. 1918లో అవి ఫ్రాన్స్ వెళ్లాయి. అదే ఏడు ఆయనకు 'నమ్మిన మిత్రుడు' అన్న బిరుదు దక్కింది.

రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా, కింద నినాదంగా ఆ పాత బిరుదే. 1940లో రెండు దళాలూ బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో పోరాడాయి. 1942 నవంబరులో అల్జీరియా, ట్యునీషియాల వైపు కదిలాయి.

ఆనాటి ఫొటోల్లో వాటిని పోల్చుకోవడం అంత తేలిక కాదు.  152వ దళానికి పక్కన యూఎం అన్న అక్షరాలుంటాయి. విమానం స్పిట్‌ఫైర్ ఐదో రకం. మూడు రెక్కల పంకా, ముక్కు కింద బుంగమూతి పెట్టినట్టు ఉబ్బు. ఆ ఉబ్బే దుమ్ము జల్లెడ. పిండిమరలో పొడిలా లేచే ఇసుక ఇంజిన్‌లోకి పోతే అరిగిపోయి మూలపడాల్సిందే. జల్లెడ పెడితే వేగం కాస్త తగ్గుతుంది, అయినా తప్పదు. కుడి రెక్క కింద పెట్టెలాంటి రేడియేటరు, ఎడమ వైపు చిన్న ఆయిల్ కూలరు కనిపిస్తే ఐదో రకమే. రెండు వైపులా సమానమైన పెట్టెలు, నాలుగు రెక్కల పంకా ఉంటే తొమ్మిదో రకం. అది ఈ దళానికి 1943లో వచ్చింది. 253వ దళానివి హరికేన్ టూసీలు. రెక్కల ముందుకు పొడుచుకొచ్చిన నాలుగు ఫిరంగి గొట్టాలే గుర్తు.

వాటిని నడిపింది ఎక్కువగా బ్రిటిష్ వాళ్లు, వాళ్ల వలస రాజ్యాల కుర్రాళ్లు. డబ్బు మాత్రం హైదరాబాద్ రాజ్యానిది. ఖజానాదైనా, నిజాం సొంత సర్ఫేఖాస్ భూములదైనా, మూలం రైతు కట్టిన శిస్తే. దాతగా రాజు పేరొక్కటే మిగిలింది.

1946లో తెలంగాణ రైతులు తిరగబడ్డారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం కదిలింది. ఇన్నేళ్లు నమ్మిన మిత్రుడి కోసం బ్రిటిష్ వాళ్లు విమానం కాదు కదా, వేలు కూడా కదపలేదు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్న ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు.

ఆయన ఇచ్చిన బాంబర్లలో ఎఫ్1010 నంబరుది 1918లోనే జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో, తర్వాత పోలండ్‌లో ఉండి, చివరికి లండన్‌లోని బ్రిటిష్ వైమానిక మ్యూజియం చేరింది. దాని ముక్కు మీద హైదరాబాద్ పేరు కనిపిస్తుంది.