పూర్వీకులది తిరుపతి.. హిందీలో సంచార తెగల గోడు రాసిన రాంగేయ రాఘవ్ ఎవరో తెలుసా?

హిందీ కథల్లో కులవివక్ష అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు ప్రేమ్‌చంద్. కానీ పుట్టుకతోనే దొంగలని ముద్రపడిన ఒక సంచార తెగ బతుకును పెద్ద నవలగా రాసిన మరో రచయిత ఉన్నారు. ఆయనే రాంగేయ రాఘవ్. ఆయన పూర్వీకులది మన తిరుపతే!

అసలు పేరు తిరుమల నంబాకం వీరరాఘవాచార్య. 1923 జనవరి 17న ఆగ్రాలో పుట్టారు. వీళ్ల కుటుంబం రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతంలో, వైర్ అనే ఊళ్లో స్థిరపడింది. బెంగాల్ కరువు సమయంలో ఇరవై ఏళ్ల కుర్రాడిగా వైద్య బృందంతో కలిసి అక్కడికి వెళ్లారు. కళ్లారా చూసిన ఆకలి చావులపై రాసిన కథనాలతో ఆయన పేరు మార్మోగింది.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది 1957లో వచ్చిన 'కబ్ తక్ పుకారూఁ' నవల. అంటే 'ఎంతకాలమని పిలవను?' అని అర్థం. భరత్‌పూర్ ప్రాంతంలో ఆటలు, గారడీలతో పొట్టపోసుకునే కర్నట్‌ల కథ ఇది. హీరో సుఖ్‌రామ్ తనలో ఠాకూర్ల రక్తం ఉందని, ఊరి పక్కన ఉన్న పాత కోట తమదేనని నమ్ముతాడు. ఊరు మాత్రం అతన్ని మనిషిగా కూడా చూడదు. భార్య ప్యారీని పోలీసోడు ఉంచుకున్నా ఏమీ చేయలేని నిస్సహాయత అతనిది. కులం, ఖాకీ కలిస్తే పేదోడి ఇంట్లో ఏం జరుగుతుందో ఆయన దాచకుండా రాశారు.

ఈ ముద్ర వెనక ఓ చట్టం కూడా ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. నేరం చేశారా లేదా అన్నది కాదు.. ఆ తెగలో పుడితే చాలు, పోలీసుల నిఘా తప్పదు. మన దగ్గర బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం కూడా ఇలాంటి తెగల కోసం పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది. నవల వచ్చింది ఆ తర్వాత ఐదేళ్లకు. కాగితం మీద చట్టం పోయినా జనం చూపు మారలేదని ఆ కథ చెప్పింది.

షేక్‌స్పియర్ నాటకాలనూ ఆయన హిందీలోకి అనువదించారు. మొత్తం దాదాపు 150 పుస్తకాలు! క్యాన్సర్‌తో 1962 సెప్టెంబర్ 12న ముంబైలో కన్నుమూశారు. అప్పటికి వయసు 39 ఏళ్లే. తర్వాత ఈ నవల దూరదర్శన్‌లో సీరియల్‌గానూ వచ్చింది. ఆ తెగల్లో చాలామందికి నేటికీ సొంత ఇల్లు లేదు, చేతిలో సరైన కాగితాలు లేవు. ఎక్కడ దొంగతనం జరిగినా అనుమానం ముందు వాళ్ల మీదికే పోతుంది. సుఖ్‌రామ్ పిలుపు ఇంకా ఆగలేదు.